వినపడని గొంతుకూ పాటలో చోటుంది

డిసెంబరు దగ్గరపడుతోందంటే మన చర్చిల్లో హడావుడి మొదలవుతుంది. నక్షత్రం కట్టేవాళ్లు ఒకవైపు, నాటకం నేర్పేవాళ్లు మరోవైపు, రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి పాడే జట్టు ఇంకోవైపు. కొన్నేళ్లుగా ఈ హడావుడిలోకి మరో పని వచ్చి చేరింది. అదే కొత్త పాటల రికార్డింగు. క్యాసెట్ల కాలంలో పెద్ద పరిచర్యలు మాత్రమే చేయగలిగిన ఈ పనిని ఇప్పుడు యాభై కుటుంబాలున్న పల్లె సంఘం కూడా తలపెడుతోంది. పాట రాసేవారు సంఘంలోనే ఉంటారు. బాణీ కట్టే కుర్రవాళ్లూ ఉంటారు. విశ్వాసులు తలా కాస్త చందా వేసుకుంటారు. పండుగ నాటికి నాలుగు పాటలు అందరి ఫోన్లలోకి వచ్చేస్తాయి.

సంతోషించవలసిన విషయమే ఇది. అయితే కూలి డబ్బులోంచి చందా తీసిచ్చిన తల్లికి స్టూడియో లోపల ఏం జరుగుతుందో తెలియదు. తెలుసుకోవడం అవసరమని మేమనుకుంటున్నాం. ఒక పాటను అక్కడ ఎలా కూర్చుతారో చూసినప్పుడు, ఆదివారం ఆరాధనలో మనం ఏం పోగొట్టుకుంటున్నామో కూడా అర్థమవుతుంది.

నిశ్శబ్దానికే అద్దె

'చెన్నై దాకా ఎందుకండీ, మన చర్చిలోనే రికార్డు చేసుకోకూడదా?' అని కొడవలూరులో కొందరు మమ్మల్ని అడిగారు. సబబైన ప్రశ్నే. కానీ కళ్లు మూసుకుని ఒక్కసారి మన ఊరిని వినండి. విజయవాడ - చెన్నై రైలు మార్గం ఇటుగానే పోతుంది. మండలం మీదుగా వెళ్లే జాతీయ రహదారిపై లారీలు రాత్రీ పగలూ ఆగవు. వరి పొలాల్లో మోటార్లు, చెట్ల మీద కాకులు, చర్చిలో ఫ్యాన్లు. మన మనసు వీటన్నిటినీ పక్కకు నెట్టి, కావలసిన మాటను మాత్రమే వింటుంది. మైకుకు ఆ వివేకం లేదు. దాని ముందు రైలు కూతా ఒకటే, రాగాలాపనా ఒకటే.

అందుకే స్టూడియోలో మనం అద్దె కట్టేది ముందుగా నిశ్శబ్దానికి. పాడే గదికి ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులుంటాయి. ఇంజనీరు కూర్చునే గదికీ దీనికీ మధ్య దళసరి అద్దాలుంటాయి. గోడలకు శబ్దాన్ని పీల్చుకునే మెత్తని పలకలు బిగిస్తారు. ఆ గదిలో చప్పట్లు కొడితే ప్రతిధ్వని రాదు. మొదటిసారి వెళ్లినవారికి అక్కడ తమ గొంతు తమకే వట్టిపోయినట్టు వినిపిస్తుంది. దానికొక కారణముంది. పాటలో కలిసి రికార్డయిన ప్రతిధ్వనిని తర్వాత పూర్తిగా తీసేయడం దాదాపు అసాధ్యం. లేని ప్రతిధ్వనిని కలపడం మాత్రం తేలిక. కాబట్టి ముందు గొంతును ఉన్నదున్నట్టు పట్టుకుంటారు, అలంకారం ఆ తర్వాత.

ఏలీయా కథ మనకు తెలిసిందే (1 రాజులు 19). పెనుగాలి వీచింది, భూమి కంపించింది, మంట లేచింది. అవన్నీ వెళ్లిపోయాకనే మెల్లని స్వరం ఆయన చెవిన పడింది. వినాలంటే మొదట మోత ఆగాలి.

దూరమే మిక్సింగ్ అయిన రోజులు

శబ్దాన్ని పట్టి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫ్‌ను ఎడిసన్ 1877లో తయారుచేశాడు. మన దేశంలో 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్, కలకత్తాలోని ఒక హోటలు గదిలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. రికార్డు మీద చోటు సుమారు మూడు నిమిషాలే. అప్పట్లో కరెంటు మైకు లేదు. పెద్ద కొమ్ములాంటి గొట్టం ముందు నిలబడి పాడితే, ఆ గాలి తాకిడికే అవతల సూది కదిలి మైనం మీద గీత గీసేది.

మరి గొంతునూ వాద్యాలనూ సరిపాళ్లలో కలిపేదెలా? దూరంతోనే. గట్టిగా మోగే వాద్యాన్ని వెనక్కి పంపేవారు. మెత్తని గొంతున్నవారిని కొమ్ము దగ్గరకు తెచ్చేవారు. పైస్థాయి స్వరం వచ్చినప్పుడు గాయకులు తల వెనక్కి జరుపుకోవలసిందే. అలా జరగకపోతే రికార్డు పాడైపోయేది. 1925లో విద్యుత్ మైకులతో రికార్డింగు మొదలయ్యేవరకు ప్రపంచమంతటా ఇదే పద్ధతి. అంటే మిక్సింగ్ అనే కళ పుట్టిందే ఒకరి కోసం మరొకరు వెనక్కి జరగడంతో!

ఆ తర్వాత చాలాకాలం మద్రాసు సినిమా స్టూడియోల్లో గాయకులు, వాద్యకారులు అందరూ కలిసి ఒకేసారి పాటను పూర్తిచేసేవారు. చివరి చరణంలో వయొలిన్ తప్పితే పల్లవి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఒకరి పొరపాటు అందరికీ శ్రమ. అందుకే అందరూ ఒకరినొకరు వింటూ వాయించేవారు. అనేక ట్రాకుల పద్ధతి వచ్చాక ఈ ఇబ్బంది తీరింది. 1967లో బీటిల్స్ బృందం లండన్‌లో తమ ప్రసిద్ధమైన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమును నాలుగు ట్రాకుల టేపు యంత్రాల మీద చేసింది. ఇప్పుడు ఒక మామూలు కంప్యూటరులో వంద ట్రాకులు పెట్టుకోవచ్చు. తబలా వాయించినవారు, పాడినవారు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పాట పూర్తవుతుంది.

ఒక్కొక్కరూ విడివిడిగా

ఇప్పటి పద్ధతి సుమారుగా ఇలా ఉంటుంది. మొదట పాట నడక నిర్ణయిస్తారు. నిమిషానికి ఇన్ని దెబ్బలని కంప్యూటరుకు చెబితే అది గడియారంలా టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. దాన్ని 'క్లిక్' అంటారు. దాని మీద కీబోర్డు ప్రోగ్రామరు పాటకు చట్రం కడతాడు. ఒకరు కచ్చాగా పాడి దారి చూపించే గొంతు ఇస్తారు. తర్వాత తబలా, డోలక్, గిటారు, వేణువు, వయొలిన్ ఒక్కొక్కటిగా వచ్చి తమ తమ ట్రాకుల్లో చేరతాయి. అసలు గాయకులు, కోరస్ చివరన వస్తారు.

గొంతు కోసం సాధారణంగా వాడేది కండెన్సర్ మైకు. అది పనిచేయడానికి తీగ గుండానే 48 వోల్టుల విద్యుత్తు పంపుతారు. ఊపిరి చప్పుడును కూడా పట్టేంత సున్నితమైనది. 'ప', 'బ', 'భ' వంటి అక్షరాలు పలికినప్పుడు పెదవుల నుంచి వచ్చే గాలి దెబ్బకు అది 'బుస్సు'మంటుంది. అందుకే మైకుకు ముందు పలుచని వల కట్టిన చట్రం పెడతారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాటిలో వచ్చే వాద్యాలను వింటూ పాడాలి. ఒక పదం తడబడితే ఆ పదం మేరకే మళ్లీ పాడించి అతికిస్తారు.

శ్రుతి తప్పినా సరిదిద్దే సాధనం ఉంది. 'ఆటో ట్యూన్' అనే ఆ సాఫ్ట్‌వేర్ 1997లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి శబ్ద తరంగాలు పంపి చమురు నిల్వలను వెతికే శాస్త్రంలో పనిచేసినవాడు. మంచి సాధనమే, కానీ వాడకంలో ఒక జాగ్రత్త అవసరం. మన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాల ప్రాణమంతా స్వరానికీ స్వరానికీ మధ్య ఊగే గమకంలో ఉంది. ఆటో ట్యూన్‌ను బిర్రుగా బిగిస్తే అది గమకాన్ని తప్పుగా లెక్కగట్టి చదును చేసేస్తుంది. తప్పు పోతుంది, దాంతోపాటు పాటలోని జీవమూ పోతుంది. తప్పుల్లేని పాట కన్నా మనసున్న పాట మేలని అనుభవమున్న ఇంజనీర్లే అంటారు. మనుషుల పైరూపాన్ని కాక హృదయాన్ని చూసే దేవునికి పాడుతున్నప్పుడు (1 సమూయేలు 16:7) ఈ మాట మనం మరీ గుర్తుంచుకోవాలి.

తగ్గించడమే కలపడం

అన్ని ట్రాకులూ సిద్ధమయ్యాక మొదలయ్యేది మిక్సింగ్. చాలామంది దీన్ని శబ్దం పెంచే పని అనుకుంటారు. అక్కడ కూర్చుని చూస్తే తెలుస్తుంది, అది ఎక్కువగా తగ్గించే పని.

ఉదాహరణకు గిటారు, కీబోర్డు, మగ గొంతు మూడూ ఒకే స్థాయి ధ్వనిలో పలుకుతుంటే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. గొంతు వినబడటం లేదని గొంతు పెంచితే వాద్యాలు చిన్నబోతాయి. వాటినీ పెంచితే మళ్లీ గొంతు మునుగుతుంది. అన్నిటినీ పెంచుకుంటూ పోతే ఒక హద్దు వస్తుంది. డిజిటల్ రికార్డింగులో ఆ హద్దు దాటిన ధ్వని తెగిపోయి బరబరమంటుంది. మంచి ఇంజనీరు అలా చేయడు. గొంతుకు కావలసిన చోట గిటారు ధ్వనిని కాస్త కోస్తాడు. ఒక వాద్యాన్ని కుడి చెవి వైపుకి, మరొక దాన్ని ఎడమ చెవి వైపుకి జరుపుతాడు. ఎగిరిపడే ధ్వనిని అణిచి, అణిగిపోయినదాన్ని కాస్త లేపుతాడు. చివరగా గదిలో పాడినట్టు, మందిరంలో పాడినట్టు అనిపించే ప్రతిధ్వనిని ఉప్పు వేసినంత కలుపుతాడు.

మేము పాటలతో చెన్నై వెళ్లినప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పాలి. నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి, 175 కిలోమీటర్ల దూరం దాటి స్టూడియో చేరాం. మా కోరస్‌లో నాట్లు వేసే పెద్దామె ఒకరున్నారు. చదువు లేదు గాని చర్చిలో ఏ పాటైనా నోటికి వచ్చు. మిక్సింగ్ విన్నాక ఆమె ముఖం చిన్నబోయింది.

'నా గొంతు యాడుందబ్బయ్యా? ఒక్క ముక్కన్నా ఇనపళ్లేదే. తీసేసినావా ఏంది?' అని ఇంజనీరును అడిగారు.

'తీయలేదమ్మా, వినండి' అంటూ ఆ అబ్బాయి ఆమె ట్రాకును మూసి పల్లవి వినిపించాడు. పాట అదే, వాద్యాలవే. కానీ ఏదో వెలితి. ఇంట్లో దీపం తీసేస్తే మూలలు కనబడకుండా పోయినట్టుంది. మళ్లీ ఆ ట్రాకు తెరిచాడు. పాట నిండుకుంది. అప్పుడూ ఆమె గొంతు విడిగా ఏమీ వినబడలేదు.

'మీ గొంతు ఉంటే తెలియదమ్మా. లేకపోతే తెలుస్తుంది' అన్నాడు.

ఆ అబ్బాయి ప్రసంగం చేయలేదు. తన పనిలోని మామూలు విషయం చెప్పాడు. కానీ కొరింథీ సంఘానికి పౌలు రాసిన మాటకు (1 కొరింథీ 12:22) ఇంతకన్నా తేట అర్థం మాకు ఎక్కడా దొరకలేదు. బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరమైనవని అపొస్తలుడు అన్నది ఇదే. స్థాయి తగ్గించినంత మాత్రాన గొంతును తక్కువ చేసినట్టు కాదు. దాని చోటు అది. ఆ చోటు ఖాళీ అయితే ముందు నిలబడి పాడేవారి పాట కూడా బోసిపోతుంది.

సొలొమోను మందిర ప్రతిష్ఠ రోజును తలచుకోండి (2 దినవృత్తాంతములు 5:12-14). తాళాలు, సితారాలు, వాటితోపాటు బూరలు ఊదే యాజకులు 120 మంది. అన్ని బూరల మధ్య మనిషి గొంతు వినబడటం సాధ్యమా? అయినా ఊదేవారూ పాడేవారూ ఏకస్వరంగా వినబడ్డారని గ్రంథం చెబుతోంది. అప్పుడే దేవుని మహిమ మేఘంలా మందిరాన్ని నింపింది. ఏకస్వరం ఊరికే రాదు. బూర ఊదేవాడు పాడేవాడిని వినాలి. ఆసాపు, హేమానుల కాలంలో పాటలో ప్రవీణులైన లేవీయులు 288 మంది ఉన్నారని లెక్క కూడా ఉంది (1 దినవృత్తాంతములు 25:7). భక్తి ఉంటే చాలు సాధన ఎందుకు అనేవారికి ఆ లెక్కే జవాబు.

ఇంకో విచిత్రం. మన పాట అందరికన్నా బిగ్గరగా మోగాలని చివరి దశలో శబ్దాన్ని పిండి పిండి పెంచేవారున్నారు. యూట్యూబ్ అలాంటి పాటను గుర్తించి, వినిపించేటప్పుడు దాని స్థాయిని తానే తగ్గించేస్తుంది. పిండినందువల్ల పోయిన సొగసు మాత్రం తిరిగి రాదు. తన్నుతాను హెచ్చించుకునేవాడి గతి గురించి ప్రభువు చెప్పిన మాట (లూకా 14:11) యంత్రాలకూ వర్తిస్తుందన్నమాట!

ఆదివారం మిక్సింగ్ ఎవరు చేస్తున్నారు?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. స్టూడియోలో తయారైన పాట గాయకుడి గొంతు తీసేసిన 'ట్రాకు'గా పెన్‌డ్రైవులో మన చర్చికి వస్తుంది. పెద్ద స్పీకర్లలో ట్రాకు మోగుతుంది. మైకు పట్టుకుని ఒకరిద్దరు పాడతారు. పాట ఎత్తుగడ సినీ గాయకుల స్థాయిలో ఉంటుంది. సంఘం అందుకోలేక పెదవులు కదుపుతుంది, తర్వాత అదీ మానేసి చూస్తూ నిలబడుతుంది. ఆరాధన అయ్యాక 'పాటలు బాగున్నాయి' అని మెచ్చుకుని ఇంటికెళతాం. మిక్సింగ్ భాషలో చెప్పాలంటే, మనం సంఘం గొంతును సున్నాకు దించేశాం.

రికార్డింగు ఎందుకో తెలిసిన ఒక స్త్రీ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాకు చెందిన జాయ్ రిడర్‌హాఫ్ హోండురాస్‌లో సువార్త పనిచేస్తూ జబ్బుపడి లాస్ ఏంజెలెస్‌కు తిరిగొచ్చింది. ఆ పల్లెలకు తాను వెళ్లలేదు. కానీ అక్కడి సారా అంగళ్లలో మోగే గ్రామఫోన్లు ఆమెకు గుర్తొచ్చాయి. నేను వెళ్లలేని చోటికి నా గొంతు వెళ్లవచ్చు కదా అనుకుంది. 1939లో గాస్పెల్ రికార్డింగ్స్ అనే పని మొదలైంది. కరెంటు లేని పల్లెల కోసం అట్టతో మడిచే చిన్న గ్రామఫోన్లను కూడా ఆ సంస్థ తయారుచేసింది. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ పేరుతో నేటికీ నడుస్తున్న ఆ సంస్థ 6,000కు పైగా భాషల్లో, యాసల్లో సువార్తను రికార్డు చేసింది.

మనుషులు లేని చోటికి గొంతును చేర్చడానికి ఆమె రికార్డింగును వాడింది. మరి మనుషులు నిండుగా కూర్చున్న చోట వారి గొంతుకు బదులు రికార్డింగు పెట్టడం ఏం న్యాయం? మంచంపట్టిన ముసలమ్మకు ఫోనులో పాట వినిపించండి, గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి పంపండి. అక్కడ అది వరమే. ఆదివారం ఉదయం మాత్రం అది కొంచెం పక్కకు తప్పుకోవాలి.

1840లో శామ్యూల్ డే నెల్లూరుకు వచ్చి అమెరికన్ బాప్టిస్టు పరిచర్యకు పునాది వేసిన కాలంలో మైకు లేదు, స్పీకరు లేదు. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకోవడమే. చదువురాని తాతలకు, అవ్వలకు వాక్యం గుర్తుండిపోయింది ఎక్కువగా పాట వల్లనే. సంఘం పాడటం మానేస్తే తర్వాతి తరం నాలుక మీద వాక్యం ఉండదు. పోయేది అంత విలువైనది.

స్టూడియోకి వెళ్లేముందు

రికార్డింగు వద్దని మా ఉద్దేశం కాదు. చేయించేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే చాలు.

మొదటిది శ్రుతి. మగవారికి ఒకటి, ఒకటిన్నర శ్రుతి, ఆడవారికి నాలుగున్నర, ఐదు శ్రుతి సుళువని సంగీత గురువులు చెబుతారు. సంఘంలో ఇద్దరూ ఉంటారు. ఆల్బమ్ కోసం ఎంత ఎత్తున పాడినా, చర్చిలో వాడే ట్రాకును సంఘానికి అందే శ్రుతిలో విడిగా చేయించుకోండి. కంప్యూటరులో అదేమంత పెద్ద పని కాదు.

రెండవది మాట. పిల్లనగ్రోవి అయినా వీణ అయినా స్వరాల్లో తేడా తెలియకపోతే ఏం వాయించారో ఎలా తెలుస్తుందని పౌలు అడిగాడు (1 కొరింథీ 14:7). 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రంలో మోదుకూరి జాన్సన్ రాసిన 'కదిలింది కరుణరథం' పాట క్రైస్తవేతరుల నోళ్లలో కూడా నిలిచింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలో ప్రతి అక్షరాన్నీ పలికిన తీరు అందుకు ఒక ముఖ్య కారణం. మిక్సింగ్ పూర్తికాకముందే మీ పాటను ఖరీదైన స్పీకర్లలోనే కాక మామూలు ఫోనులో, ఆటోలో, చర్చి స్పీకరులో కూడా వినండి. మాట తెలియకపోతే వాద్యాలు తగ్గించమని నిస్సంకోచంగా అడగండి.

మూడవది సాధన. స్టూడియో అద్దె గంటల లెక్కన ఉంటుంది. అక్కడికెళ్లి పాట నేర్చుకుంటే కరిగిపోయేది విశ్వాసుల చందాయే.

నాలుగవది నిజాయితీ. మన దేశ కాపీరైటు చట్టం ప్రకారం రచయిత బ్రతికున్నంత కాలం, మరణించాక మరో 60 ఏళ్లు ఆ పాట మీద హక్కు వారిది, వారి వారసులది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి పూర్వికుల కీర్తనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ వారి పేరు వేయడం మన ధర్మం. బ్రతికున్నవారి పాటను అడగకుండా వాడుకుని దేవునికి మహిమ అనడం పొసగదు.

బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులతో, ప్రభువు హెచ్చాలి, తాను తగ్గాలి అన్నాడు (యోహాను 3:30). పాడేవారికి, వాయించేవారికి, మైకు పెట్టెల దగ్గర కూర్చునేవారికి ఇంతకు మించిన పాఠం లేదు. న్యాయం, నీతి లేని పాటల ధ్వనిని నా దగ్గర నుంచి తొలగించమని ఆమోసు ద్వారా దేవుడు హెచ్చరించిన సంగతి కూడా మరువకూడదు (ఆమోసు 5:23-24). ఆయన చెవి మనం కొన్న స్పీకర్ల నాణ్యతను లెక్కబెట్టదు.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేద్దాం. ఏదో ఒక పాటలో చివరి చరణం దగ్గర ట్రాకు ఆపేద్దాం, మైకులు దించుదాం. మొదట కాస్త బెరుకుగా ఉంటుంది, శ్రుతి కూడా అటూ ఇటూ అవుతుంది. కానీ వెనుక వరుసలో చాప మీద కూర్చున్న అవ్వ గొంతు మనకు వినబడుతుంది. ప్రభువు ఇన్నాళ్లూ వింటున్న గొంతు అది.